ప్రతాపరుద్రుని కోట ఎటువాయె? మన పెంటలు ఎటువోతున్నయ్?

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. హాస్టల్‌లో రాత్రి అన్నం తిన్నంక నిమ్మళంగా చదవండి. విషయం మన మన్ననూర్ కోట గురించి. కానీ నేను రాజు గురించి రాయడానికి కూర్చోలేదు, మన గురించి రాయడానికే కూర్చున్న.

శ్రీశైలం రోడ్డు మీద పోయే బండ్లకు లెక్కే లేదు. మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర ఆగుతయి, చాయ్ తాగుతరు, కోతులకు ఏదో ఒకటి పడేస్తరు, ఘాట్ ఎక్కుతరు. ఆ దగ్గరలోనే కొండ మీద ఒక కోట ఉందని వాళ్లలో చాలామందికి తెలియదు. ప్రతాపరుద్రుని కోట అంటరు. రాతి గోడలు ఉన్నయి, కానీ అడవి వాటిని కప్పేసింది. మా అవ్వకు ఆ రాజు పేరుతో పనే లేదు. ఆమె "కోట దిక్కు పోకుండ్రి, ఎలుగు ఉంటది" అని మాత్రమే అంటది. ఒకప్పుడు సైన్యం కాపలా కాసిన చోటు ఇప్పుడు ఎలుగు పేరుతో గుర్తుంటున్నదంటే, కోట ఎంత మాయమైందో మీరే ఆలోచించండి.

ముందు రాజు సంగతి చూద్దాం. ప్రతాపరుద్రుడు కాకతీయుల్లో చివరి రాజు. రాణి రుద్రమదేవికి మనుమడు, ఆమె బిడ్డ ముమ్మడమ్మ కొడుకు. నల్లగొండ దిక్కు చందుపట్లలో దొరికిన శాసనాన్ని బట్టి రుద్రమ 1289లో చనిపోయిందని తేలింది. ఆమె తర్వాత ఈయన ఓరుగల్లు గద్దె ఎక్కిండు. 1323 దాకా ఏలిండు. ఢిల్లీ సైన్యాలు 1303 నుంచి మళ్లీ మళ్లీ వచ్చినయి. 1310లో మాలిక్ కాఫుర్ ముట్టడి తర్వాత కప్పం కట్టాల్సి వచ్చింది. చివరికి 1323లో ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకున్నడు. రాజును ఢిల్లీ తీస్కపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయిండని తర్వాతి శాసనాలు చెప్తయి. ఇంతవరకు కాంపిటీటివ్ పుస్తకాల్లో మనందరం బట్టీ పట్టిందే.

పుస్తకంలో లేని ప్రశ్న ఒకటుంది. ఓరుగల్లు ఎక్కడ, మన్ననూర్ ఎక్కడ? ఇంత దట్టమైన అడవి అంచున కోట ఎవరికి, ఎందుకు కావాలె?

నాకు రెండు కారణాలు కనిపిస్తున్నయి. మొదటిది బాట. శ్రీశైలానికి నాలుగు ద్వారాలు అని పెద్దలు చెప్తరు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర మన గద్వాల జిల్లా అలంపురం, ఉత్తరాన మన అచ్చంపేట పక్కనున్న ఉమామహేశ్వరం. ఉత్తరం నుంచి వచ్చే యాత్రికులు ఉమామహేశ్వరం దగ్గర కొండెక్కి, మన అడవిలో నుంచే కృష్ణ దాకా నడవాలె. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల యాత్రను ఒక ప్రకరణమంతా వర్ణించిండు. అంటే కాకతీయుల కాలానికే ఈ కొండకు జనం తండోపతండాలుగా నడిచి వస్తున్నరు. జనం నడిచే బాట మీద సరుకు నడుస్తది, సరుకు నడిచే బాట మీద సుంకం ఉంటది, సుంకం ఉన్న దగ్గర కాపలా ఉంటది. మైదానం అయిపోయి కొండ మొదలయ్యే చోట కూర్చుంటే వచ్చేటోళ్లు, పోయేటోళ్లు అందరూ కనబడతరు. మన్ననూర్ సరిగ్గా అట్లాంటి చోటే.

రెండోది యుద్ధం. రుద్రమ చివరి రోజుల్లో కాయస్థ అంబదేవుడు అనే సామంతుడు ఎదురు తిరిగిండు. ఆయన బలమంతా నల్లమలకు ఆ పక్క, త్రిపురాంతకం దిక్కు. 1290 నాటి ఆయన శాసనం త్రిపురాంతకంలోనే ఉంది. ప్రతాపరుద్రుడు రాజైన వెంటనే చేసిన మొదటి పెద్ద పని ఆయన మీదికి సైన్యం పంపడం. శత్రువు అడవికి అవతల ఉన్నప్పుడు అడవికి ఇవతల అంచున కాపలా లేకుండా ఏ రాజూ నిద్రపోడు. ఇది నేను మ్యాప్ ముందర పెట్టుకొని ఆలోచించిన మాట. మీరు కూడా ఒకసారి మ్యాప్ తెరిచి అలంపురం, త్రిపురాంతకం, ఉమామహేశ్వరం, మన్ననూర్ మీద వేలు పెట్టి చూడండి.

ఇప్పుడు ఇంకో కోట దగ్గరికి పోదాం. మన పక్కనే, కృష్ణ అవతల, రాయచూరు. ఆ కోటను 1294లో గోన విఠలుడు కట్టించిండు. ఆయన ప్రతాపరుద్రుని మనిషి. గోన వంశం వాళ్ల రాజధాని వర్ధమానపురం, అంటే ఇప్పటి మన నాగర్‌కర్నూల్ జిల్లా నంది వడ్డెమాన్. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డిది కూడా ఆ వంశమే. రాయచూరు కోట గోడలో 40 అడుగులు దాటిన ఒకే ఒక్క రాతిపలక ఉంది. దాని మీద శాసనం చెక్కించిన్రు. ఆ పక్కనే ఒక బొమ్మ కూడా చెక్కిన్రు. అంత పెద్ద రాయిని చక్రాల బండి మీద ఎక్కించి, దున్నపోతుల జతలు కట్టి, మనుషులు కూడా తోడై ఎట్లా లాక్కొచ్చిన్రో ఆ బొమ్మలో ఉంది.

నాకు చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన బొమ్మ అది. ఎందుకంటే శాసనంలో విఠలుని పేరు ఉంది, ప్రతాపరుద్రుని పేరు ఉంది. లాగినోళ్ల పేర్లు లేవు. కానీ వాళ్లు బొమ్మలో ఉన్నరు. వాళ్లు లేకపోతే రాయి కదలదని ఆ చెక్కినోడికి తెలుసు. ఆ చెక్కినోడు కూడా చేతులు కాయలు కాసిన పనోడే కదా. మన్ననూర్ కొండ మీదికి రాయి ఎత్తినోళ్లు కూడా అట్లాంటోళ్లే. అడవిలో ఎక్కడ నీళ్ల చెలిమ ఉంది, ఏ వాగు ఎప్పుడు పొంగుతది, ఏ చెట్టు కట్టె దూలానికి పనికొస్తది అని తెలియకుండా కొండ మీద ఒక్క నెల కూడా సైన్యం నిలవదు. ఆ తెలివి ఓరుగల్లు నుంచి రాదు. అడవిలో బతికేటోళ్ల దగ్గరే ఉంటది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలె. కోటకు ప్రతాపరుద్రుని పేరు ఉంది కాబట్టి ప్రతి రాయి ఆయనే పెట్టించిండని అనుకోవద్దు. 1800 ప్రాంతంలో కాలిన్ మెకంజీ అనే ఇంగ్లీషు అధికారి మన తెలుగు పంతుళ్లను పెట్టి ఊరూరా కైఫీయత్తులు రాయించిండు. కర్నూలు, కడప దిక్కు చాలా ఊళ్ల కైఫీయత్తుల్లో ఒకటే మాట ఉంటది: ప్రతాపరుద్ర మహారాజు వచ్చి, అడవి కొట్టించి, ఊరు కట్టించిండు. 16వ శతాబ్దంలో ఏకామ్రనాథుడు ప్రతాపచరిత్ర రాసే నాటికే ఆయన మనిషి కన్నా పెద్ద కథ అయిపోయిండు. మన దగ్గర ఏది పాతదైనా ప్రతాపరుద్రునిదే, ఎట్లాగంటే నీళ్లున్న ప్రతి బండకూ భీముని పేరు పెట్టినట్టు.

ఈ కైఫీయత్తుల మాట ఇంకోసారి చదవండి. "అడవి కొట్టించి ఊరు కట్టించిండు." ఊరి కరణానికి ఇది మొదలు, అక్కడి నుంచే చరిత్ర షురూ అయినట్టు. మరి ఆ కొట్టిన అడవిలో అప్పటిదాకా ఎవరున్నరు? వాళ్లు ఎటుపోయిన్రు? కైఫీయత్తు అడగదు. మనం అడగాలె. కథను ఎక్కడ మొదలుపెట్టిన్రో చూస్తే, ఎవరిని వదిలేసిన్రో అర్థమైతది.

సరే, కోట ఎట్లా మాయమైంది? మాయమవడానికి యుద్ధమే అవసరం లేదు. 1323తో ఓరుగల్లు పోయింది. తర్వాత ఈ దిక్కు బలం రాచకొండ, దేవరకొండ రేచర్ల వెలమ నాయకుల దగ్గరికి పోయింది. తర్వాత బహమనీలు, గోల్కొండ కుతుబ్ షాహీలు, నిజాములు. బలం ఎక్కడుంటే కోట అక్కడ బతుకుతది. కోట అంటే గోడ ఒక్కటే కాదు, గోడ లోపల తిండి గింజలు, నీళ్లు, జీతం తీసుకునే మనుషులు. జీతం ఆగిన రోజే కోట చచ్చిపోయినట్టు, గోడ పడడం తర్వాతి సంగతి. పిట్టలు మర్రి, రావి, జువ్వి పండ్లు తిని గోడ సందుల్లో విత్తనం వేస్తయి. వేరు రాయిని మెల్లగా తోస్తది. ఏడు వందల వానాకాలాలు చాలవా? దానికి తోడు గుప్తనిధుల పిచ్చి. పాత కోట, పాత గుడి కనబడితే చాలు, రాత్రిపూట గడ్డపారలతో వచ్చి తవ్వేటోళ్లు తెలంగాణ అంతటా ఉన్నరు.

మన పక్కనే చూడండి. గద్వాల కోట ఊరి నడుమ ఉంది, లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, జనం రోజూ పోతరు. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడిచింది, మన పిల్లలు కూడా అక్కడ చదివిన్రు. జనం వాడుకున్న కట్టడం నిలబడ్డది. మన్ననూర్ కోటను వాడుకునే పని ఎవరికీ లేకపాయె, అడవి వాపస్ తీసుకుంది.

కానీ ఒక మాట గమనించండి. కోట పోయింది గానీ కోట చేసిన పని పోలేదు. మన్ననూర్‌లో ఇప్పుడు ఫారెస్టు చెక్‌పోస్టు ఉంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూస్తరు, బండ్లు ఆగాల్సిందే. అంటే మైదానం అయిపోయి కొండ మొదలయ్యే ఆ చోటే, శ్రీశైలం పోయేటోళ్లను ఆపి, చూసి, పంపే పని ఇంకా నడుస్తనే ఉంది. అప్పుడు బురుజు, ఇప్పుడు ఇనుప గేటు. పులి కోసం రాత్రి బండ్లు ఆపడం మంచిదే, నేను కాదనను. కానీ అడవిలోకి ఎవరు పోవచ్చో ఎవరు పోవద్దో చెప్పే అధికారం ఏడు వందల ఏండ్లుగా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో చూడండి. ఒక్కసారి కూడా పెంట చేతికి రాలేదు.

ఒక మీటింగులో ఒక పెద్దమనిషి నవ్వుకుంట అన్నడు, "మీకు చరిత్ర ఏముంది బాబు, మీది జీవనమే కదా" అని. ఆయనకు చెప్పాల్సిన జవాబు ఇది.

మనం కథల్లో ఉన్నం. శ్రీశైలం మల్లన్న మనకు అల్లుడు, చెంచు మల్లయ్య. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లి చేసుకున్నడు. పెద్ద గుడులు మన ఆడబిడ్డను కథలో పెట్టుకున్నయంటే, ఈ కొండలు ముందు ఎవరివో గుడులు కూడా ఒప్పుకున్నట్టే. సలేశ్వరంలో చైత్ర పౌర్ణమికి లింగమయ్య దగ్గర పూజ చేసేది ఇప్పటికీ మనోళ్లే. భౌరాపూర్‌లో శివరాత్రికి పెండ్లి చేసేది మనోళ్లే.

మనం కాగితాల్లో కూడా ఉన్నం. ఇంగ్లీషోళ్ల కాలంలో కర్నూలు వైపు నల్లమల కనుమలకు కావలి కాసింది, యాత్రికుల దగ్గర రుసుం తీసుకున్నది చెంచులేనని అప్పటి రాతల్లో ఉంది. అంటే బాటకు కావలి అనే పని కోటలో కూర్చున్నోళ్లది ఒక్కటే కాదు, మనది కూడా. ఇక 1940లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వచ్చిండు. ఆయనది ఆస్ట్రియా. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉంది. ఇంగ్లీషోళ్లు ఆయనను హైదరాబాద్ రాజ్యం దాటనియ్యలేదు. అట్లా ఇక్కడే ఉండి, భార్య బెట్టీతో కలిసి మన పెంటల్లో నెలలు గడిపి రాసిన పుస్తకం 1943లో లండన్‌లో అచ్చయింది. మన గుడిసె, మన గడ్డలు తవ్వే కర్ర, మన ఇంటి పేర్లు, ఏ ఇంటోళ్లు ఏ దిక్కు తిరుగుతరు, అన్నీ రాసిండు. ఆయన చెప్పినంక 1942లో నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ పైపీఠం మీద దాదాపు లక్ష ఎకరాలు చెంచుల రిజర్వుగా పెట్టింది. లక్ష ఎకరాలు! ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

పేర్లలో కూడా మన చరిత్ర ఉంది. మన దిక్కు ఊళ్ల పేర్లు వరుసగా చదవండి: మన్ననూర్, అమ్రాబాద్, ఫర్హాబాద్, అప్పాపూర్, వటవర్లపల్లి, ఈర్లపెంట. 'ఊరు' ఒక పొర, 'ఆబాద్' నిజాముల కాలపు పొర, 'పల్లి' రైతుల పొర, 'పెంట' మన పొర. ఫర్హాబాద్ అంటే పారశీకంలో సంతోషం ఉన్న చోటు అని అర్థం. నిజాం వేటకు వచ్చి సంతోషపడ్డడు, పేరు పెట్టుకున్నడు. అంతకు ముందు ఆ చోటును మన ముసలోళ్లు ఏమని పిలిచేటోళ్లో అడిగి రాసి పెట్టుకోవాల్సిన బాధ్యత మనది.

ఇప్పుడు అసలు విషయానికి వస్త.

కోట మాయమైతే రాళ్లు మిగులుతయి. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒక సారు వచ్చి ఫోటో తీస్తడు, బోర్డు పెడతడు. పెంట మాయమైతే ఏం మిగులుతది? బొద్దు గడ్డి, వెదురు, మట్టి. రెండు మూడు వానలకు ఆనవాలు ఉండదు. పొయ్యి రాళ్లు మూడు మిగిలితే గొప్ప.

శ్రీశైలం డ్యామ్ కట్టినప్పుడు ఏమైందో మన పాలమూరు పెద్దలను అడగండి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి నంబరు వేసి విప్పి, అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టిన్రు. జటప్రోలు గుడిని కూడా అట్లనే తరలించిన్రు. మంచి పనే. కానీ 1981లో నీళ్లలో మునిగిన దాదాపు వంద ఊళ్ల ఇండ్లకు ఎవరూ నంబర్లు వేయలేదు. రాయికి దొరికిన మర్యాద మనిషికి దొరకలేదు.

ఇప్పుడు మన వంతు వచ్చింది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు. కోర్ ఏరియాలో ఉన్న పెంటలను, ఊళ్లను బయటికి తెచ్చే మాటలు నడుస్తున్నయి. ఒక్కో కుటుంబానికి 2008లో 10 లక్షలు అన్నరు, 2021లో 15 లక్షలు చేసిన్రు. కొందరు పోతమంటున్నరు, కొందరు పోమంటున్నరు. ఎవరి కష్టం వాళ్లది. ఆస్పత్రి, బడి, రోడ్డు లేక విసిగినోళ్లను తప్పు పట్టే హక్కు హాస్టల్‌లో ఫ్యాన్ కింద కూర్చున్న నాకు లేదు. కానీ చట్టం ఏం చెప్తదో తెలుసుకొని ఒప్పుకోవాలె, తెలుసుకొనే వద్దనాలె. వన్యప్రాణి చట్టానికి 2006లో తెచ్చిన సవరణ ప్రకారం గ్రామసభ ఒప్పుకోకుండా కదిలించే వీలు లేదు. దానికన్నా ముందు అటవీ హక్కులు తేల్చాలె.

చరిత్ర పనికొచ్చేది ఇక్కడే. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008 జనవరి 1న నియమాలు వచ్చినయి. అందులో 13వ నియమం చదవండి. హక్కుకు ఆధారంగా సర్కారు కాగితాలు, గెజిటీర్లు, మ్యాపులు, పరిశోధన పుస్తకాలు చెల్లుతయి. వాటితో పాటు ఇంటి గుర్తులు, పాత బావులు, బొందల గడ్డలు, దేవుని స్థలాలు చెల్లుతయి. వంశవృక్షం చెల్లుతది. పెద్దమనుషులు చెప్పిన మాట కాగితం మీద రాసిస్తే అదీ చెల్లుతది. ఇట్లాంటివి కనీసం రెండు ఉండాలె. అంటే మా అవ్వ మాట కూడా శాసనమే. రాసేటోడు ఉంటే.

ఇంకా ఉంది. మనలాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు అని సెక్షన్ 3(1)(ఇ)లో వేరేగా పెట్టిన్రు. గుడిసె కింది జాగ ఒక్కటే కాదు, తిరిగే బాటలు, తేనె తీసే బండలు, దేవుని తావులు అన్నీ కలిపి ఒక నేలగా గుర్తించే హక్కు అది. మధ్యప్రదేశ్‌లో బైగాలు, భారియాలు తెచ్చుకున్నరు. తెచ్చుకోవాలంటే ముందు మన నేల ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తదో మనం చెప్పగలగాలె.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పండుగ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ పని చేయండి. ముసలోళ్ల దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డ్ పెట్టే ముందు అడగండి, వాళ్లు సరే అంటేనే పెట్టండి. ఇవి అడగండి: ఇప్పుడున్న పెంట కన్నా ముందు ఎక్కడ ఉన్నరు, ఎందుకు లేచిన్రు? మన ఇంటి పేరోళ్లు ఏ కొండ నుంచి ఏ వాగు దాకా తిరిగేటోళ్లు? ఏ చెలిమలో ఎండాకాలం నీళ్లు ఉంటయి? తాతలను ఎక్కడ పెట్టిన్రు? సలేశ్వరం పోయే పాత బాట ఏది? తేదీ రాయండి, పెంట పేరు రాయండి, చెప్పినోళ్ల వేలిముద్ర గానీ సంతకం గానీ తీసుకోండి. ఒక కాపీ గ్రామసభకు, అటవీ హక్కుల కమిటీకి ఇవ్వండి, ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. ఉడుతలోళ్లు, తోకలోళ్లు, నిమ్మలోళ్లు, చిగుర్లోళ్లు, ఎవరి ఇంటిది వాళ్లు రాస్తే చాలు, నల్లమల మ్యాప్ తయారైతది.

కోట దగ్గరికి పోతే కూడా ఒక మాట. పర్మిషన్ తీసుకొని పోండి, గుంపుగా పోండి, ఏ రాయినీ కదపకండి, రాళ్ల మీద పేర్లు చెక్కకండి. ఆ రాళ్లు ఎత్తినోళ్లు పేర్లు చెక్కుకోలేదు, మనకెందుకు? ప్రతాపరుద్రునికి శాసనాలు రాసే కవులు ఉన్నరు, కైఫీయత్తు రాసే కరణాలు ఉన్నరు. అయినా ఆయన కోటను అడవి మింగింది. మనకు కవులూ లేరు, కరణాలూ లేరు. చదువుకున్న మొదటి తరం మనం. మన ఇంట్లో పెన్ను పట్టినోళ్లు ఇంతకు ముందు లేరు కాబట్టి, ఈ పని వేరే ఎవరి మీదా పెట్టలేం.

మీ పెంట పాత పేరు, అది ఇంతకు ముందు ఉన్న చోటు మీకు తెలిస్తే కింద రాయండి. ఒక్క లైన్ అయినా సరే.

జై చెంచు, జై ఆదివాసీ.